కర్మన్‌ఘాట్ హనుమంతుడికి జంగయ్య పెట్టిన ఫిర్యాదు

ఎల్బీనగర్ బంకులో జంగయ్య పెట్రోలు కొట్టబట్టి ఇరవై రెండేళ్లు. బండి ఆగితే చాలు, పంపు మీటరు చూపిస్తూ "జీరో చూస్కోండ్రి సారూ" అన్న మాట ఆయన నోట్లోంచి దానంతటదే జారేది. నిద్దట్లో కూడా అంటాడని భార్య కిష్టమ్మ చెప్పేది. ఒక పెళ్లిలో సాంబారు వడ్డిస్తూ అన్నాడట; విస్తరి ముందున్న పెద్దమనిషి నిజంగానే గరిటెలోకి తొంగి చూశాడట!

అలాంటి జంగయ్యకు ఆ వారం అన్నం సయించలేదు. మీర్‌పేట్ వైపు ఎవరో కంపెనీవాళ్లు డ్రోన్లతో పార్సిళ్లు పంపే ట్రయలు మొదలుపెట్టారు. బంకుకొచ్చే బండ్లలో సగం పార్సిళ్లు అందించేవాళ్లవే. మేనేజరు సాంబమూర్తి, గుంటూరు మనిషి, కళ్లజోడు తుడుచుకుంటూ తేల్చేశాడు.

"జంగయ్యా, పార్సిళ్లన్నీ గాల్లో పోతే ఇంక బండ్లెక్కడివయ్యా? వచ్చే నెల నుంచి నలుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు. నీకా, మోకాళ్ల నొప్పులు కూడానూ."

మొదట పోయేదెవరో విడమరచి చెప్పాలా?

తోటి పనివాడు లచ్చయ్య ఊరుకుంటాడా? "మా మేనమామ ఊర్ల డ్రోను గొర్రెను లేపింది, ఎర్కేనా? గొర్రె పైనుంచే మేసింది. చింతచెట్టుకు ఒక్క చిగురు మిగల్లే!"

"నీ నోట్ల మన్నువడ, జర ఊకో!" అని కసిరాడు జంగయ్య.

మంగళవారం పొద్దున్నే జంగయ్య కర్మన్‌ఘాట్ వెళ్లి, కొబ్బరికాయ కొట్టి, హనుమంతుడి ముందు గోడు వెళ్లబోసుకున్నాడు. "సామీ, గా ఎగిరేటిదాని సంగతి నువ్వే జూడు. నా కొల్వు నిలవెట్టు. నూటొక్క ప్రదక్షిణలు జేస్తా."

ఇంటికొచ్చి చెబితే కిష్టమ్మ నెత్తి కొట్టుకుంది. "పోయి పోయి ఆయనకు జెప్పినవా! మందుల కొండను గాల్ల మోసుకొచ్చింది ఎవరయ్యా? ఎగిరేటోడు ఎగిరేటోని దిక్కుంటడా, నీ దిక్కుంటడా?"

జంగయ్య నోట్లో వేసుకోబోయిన కొబ్బరిముక్క కింద పెట్టేశాడు. నిజమే, మొదటి డెలివరీ ఆయనదే!

మధ్యాహ్నం బంకులో ఒక వ్యాను ఆగింది. దాని మీద డ్రోను బొమ్మ. దిగినవాడు మహేందర్, ఆ ట్రయలు చూసుకునేది తనే. ఇనుప డబ్బాలు మూడు దింపాడు.

"కాకా, జల్దీ. మూడూ నింపు."

"డ్రోను పెట్రోలు తాగుతదా బిడ్డా?"

"తాగదు కాకా, దానికి బ్యాటరీలు. ఇరవై నిమిషాలెగిరి పండుకుంటది. గ్రౌండుల కరెంటు లేదు, జనరేటర్ తోనే చార్జింగ్. గదైతే పొద్దుందాక తాగుతనే ఉంటది. వ్యానుకు డీజిల్ గూడ కొట్టు. ఎన్క మావోళ్లు బండ్లమీద వస్తున్నరు, వాళ్లకు ఫుల్ ట్యాంక్."

"వాళ్లేం జేస్తరు?"

"పొద్దుగాల డ్రోను ఒకరి బిర్యాని ఇంకొకరి నీళ్లట్యాంకు మీద దించొచ్చింది. ఉరికి తెచ్చియ్యాలె గద!"

సాంబమూర్తి గబగబా బయటికొచ్చాడు. "రోజూ వస్తారా బాబూ?"

"రోజుకు రెండుసార్లు సార్. వచ్చే నెల బాలాపూర్‌ల ఇంకో గ్రౌండు."

సాంబమూర్తి మళ్లీ కళ్లజోడు తుడిచాడు. "జంగయ్యా, నలుగురూ ఉండాల్సిందేనయ్యా. ఈ డబ్బాల పని నువ్వే చూసుకో, చెయ్యి తిరిగినవాడివి."

వారంగా బిగబట్టిన ఊపిరి జంగయ్య వదిలితే, పక్కన నిలబెట్టిన సైకిలు టైరు నిండిందని లచ్చయ్య ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

మర్నాడు తెల్లారేసరికి జంగయ్య గుళ్లో ఉన్నాడు. మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. అయినా మొహంలో నవ్వు ఆగడం లేదు. హనుమంతుడికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించి, మొదటి ప్రదక్షిణకు కాలెత్తుతూ అన్నాడు:

"జీరో చూస్కో సామీ!"