కల్వర్టు దగ్గర ఒక్కరు

రాళ్ళవాగు కల్వర్టు దగ్గర బస్సెక్కడానికి మనుషులెక్కడున్నారో నాకు చూపించండి. అక్కడ ఇల్లు లేదు, దుకాణం లేదు, వానొస్తే నిలబడటానికి చెట్టు కూడా లేదు. 1993లో మా డిపోకు కంప్యూటర్ వచ్చింది. వచ్చిన మూడో నెలకే, మంథని-పెద్దపల్లి బస్సు నాగులపల్లె లోపలికి వెళ్ళనక్కర్లేదనీ, తారు రోడ్డునే పోయి కల్వర్టు దగ్గర ఆగితే చాలనీ తేల్చేసింది. ఆ బస్సు కండక్టర్ని నేనే, మక్బూల్‌ని.

ఊరివాళ్ళు నన్ను తిట్టారు. పడ్డాను. కానీ ఆ ఊరి యాదవ్వను చూస్తేనే కడుపు రగిలిపోయేది. ఆమెకు క్షయ. పెద్దపల్లి దవాఖానలో రోజు తప్పించి రోజు సూది వేయించుకోవాలి. దగ్గుతూ కల్వర్టు దాకా రెండు మైళ్ళు నడిచేసరికి బస్సు దాటిపోయేది. అప్పటికే రెండు సూదులు తప్పాయి. ఇంకొకటి తప్పితే మళ్ళీ మొదటినుంచీ అన్నాడట డాక్టరు. అంతదాకా బతకొద్దూ!

డిపోకు వెళ్ళి, కంప్యూటర్ గది చూసే బాలకిషన్‌రావును నిలదీశాను. ఆ గదిలో ఏసీ. మేం నడుం వాల్చే గదిలో ఫ్యాను తిరగదు. గోడమీద కొత్త రవాణా విధానమట, పెద్ద అక్షరాల్లో: ‘పల్లెపల్లెకూ బస్సు, చుక్కచుక్కా డీజిలు ఆదా.’

“ఊరినే ఎత్తగొడ్తిరి గద సార్! గా డబ్బకు కండ్లున్నయా?”

ఏ స్టాపులో ఎందరెక్కారో కండక్టర్లు రాసిచ్చే షీట్ల కట్ట ఆయన తెచ్చి నా ముందు పడేశాడు. “కండ్లు నీకున్నయి గద మక్బూల్. గీ రాత ఎవలిది?”

నాదే. ఆరేళ్ళ షీట్లు. నాగులపల్లె గడిలో సున్నా. కల్వర్టు గడిలో ముప్పై, ముప్పై రెండు.

ఊరినుంచి కల్వర్టు దాకా గుంతల బాట. బస్సు ఊగుతుంటే పెన్ను నిలవదు. అందుకే కల్వర్టు దాటి తారు రోడ్డెక్కాకే టికెట్లు కొట్టి, అందరూ అక్కడే ఎక్కినట్టు రాసేవాళ్ళం. ఛార్జీ ఒకటే కనుక అడిగినవాడు లేడు. సీనియర్లు నాకు నేర్పారు, నేను జూనియర్లకు నేర్పాను.

నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆయన్ని వదల్లేదు. “తప్పు నాదే సార్. దిద్దుండ్రి.”

“మూడు నెలలు ఊర్ల ఎక్కినోళ్ళ లెక్క తే. మిషన్ల ఏస్త.”

“బస్సే పోకపాయె, ఎక్కేదెట్ల?”

“రూలు గంతే.”

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు డ్రైవర్ హనుమండ్లుతో, “బండి ఊర్లకు తిప్పు భాయ్. మెమో నా మీద రానీ,” అన్నాను. నా మొహం చూసి అతను స్టీరింగు ఊరివైపు తిప్పాడు. డిపోకు తెలిసిపోతుందని ఊళ్ళో ఎవరికీ ముందు చెప్పలేదు. హారన్ వినగానే, అప్పుడే కల్వర్టు బాట పట్టిన జనం వెనక్కి పరుగెత్తుకొచ్చారు. బస్సు నిలబెట్టే టికెట్లు కొట్టాను. ఆలస్యమని వెనకసీట్లవాళ్ళు గొడవ చేస్తే, “రాసేదాక కదలది, దిగేటోళ్ళు దిగుండ్రి!” అని అరిచాను. నాగులపల్లె గడిలో మొదటిసారి ముప్పై ఒకటి రాశాను.

యాదవ్వ మాత్రం రాలేదు.

కల్వర్టు దగ్గర రాయిమీద కూర్చుని ఉంది. బస్సు తప్పకూడదని కోడికూతకే నడక మొదలుపెట్టిందట. చెయ్యిచ్చి ఎక్కిస్తే ఆమె చెయ్యి జ్వరంతో కాలిపోతోంది. లోపల ఊరివాళ్ళందరినీ చూసి నా వైపు తిరిగింది.

“బస్సు ఊర్లకే వచ్చిందా? నాకొక్క మాట చెప్పకపోతివి గద బిడ్డా.”

మిగతావాళ్ళంతా ఊళ్ళోనే ఎక్కారు. కల్వర్టు దగ్గర ఎక్కింది ఆ నడవలేని మనిషి ఒక్కతే. షీటు తీసి కల్వర్టు గడిలో ఒకటి అని రాశాను. ఈసారి తప్పుగా రాయలేదు.