రాసిచ్చిన సాక్ష్యం

భోజనానికి ముందు ప్రార్థన అలా ముగిసిందో లేదో, నా చెయ్యి నుదుటికి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి గుండెకి, ఎడమ భుజానికి, కుడి భుజానికి. ఆరేళ్ల కాపురంలో ఒక్కసారీ తప్పని జాగ్రత్త, సంఘ పెద్దలు ముగ్గురూ కంచాల ముందు కూర్చుని ఉండగా, గరిటె పట్టుకుని నిలబడ్డ నా దగ్గర తప్పింది. మా ఆయన పాస్టరు. మా సంఘంలో ఎవరూ వేసుకోకూడని సిలువ గుర్తు పాస్టరు పెళ్లామే వేసుకుంది. వడ్డన ఆపకుండా కానిచ్చాను గానీ, ఆ పూట ఎవరూ మారు అడగలేదు.

మా పుట్టింటివాళ్లు కతోలికులు. కాపురానికొచ్చిన వారంలోనే, మా అమ్మ ఇచ్చిన జపమాలని అత్తయ్య నవ్వుతూనే తీసి ఎక్కడో పెట్టారు. ఆ ఎక్కడో ఏమిటో ఇంతవరకు నేనడగలేదు. ఒకే మాట పదిసార్లు చెప్పాలా, దేవుడికేమన్నా చెముడా అని మా ఆయన సరదా. బొమ్మలకి మొక్కేవాళ్లు, పోయినవాళ్లతో మాట్లాడేవాళ్లు, దేవుడి దగ్గరికి నేరుగా వెళ్లలేక ఆయన తల్లి కొంగు పట్టుకునేవాళ్లు అంటూ ఆయన ప్రసంగాల్లో మావాళ్లని ఉతికి ఆరేస్తుంటే ముందు వరసలో కూర్చుని తలాడించేదాన్ని. ఆ ప్రసంగం విన్న ఆడవాళ్లే తర్వాత మా వంటింట్లోకి వచ్చి, మా పిల్లాడి సంగతి పాస్టరుగారికి మీరొక మాట చెప్పండి, కన్నతల్లి చెబితే కాదనరు అని అత్తయ్యని బతిమాలేవాళ్లు. అత్తయ్య చెప్పేవారు. ఆయన కాదనేవాడు కాదు. నాకు నవ్వు ఆగక గిన్నెల వైపు తిరిగిపోయేదాన్ని.

పెద్దలు వెళ్లిపోయాక ఆయన కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"మీవాళ్ల వస్తువులు ఇంకేమన్నా ఉన్నాయా నీ దగ్గర?"

"ఒకటుంది. ఆస్పత్రిలో, నా లాకర్లో."

జానెడు మరియమాత స్వరూపం, చిన్న బొమ్మ. నేను ప్రసూతి వార్డులో నర్సుని. రెండేళ్ల కిందట అదే వార్డులో, ఏడో నెలలో, నా కూతురు ఊపిరి లేకుండా పుట్టింది. ఇంట్లో దేవుడి చిత్తం అన్నారు, మర్నాటి నుంచి ఆ ఊసే ఎత్తలేదు. పాప కోసం ప్రార్థన చేద్దామండీ అంటే, పోయినవాళ్ల కోసం చెయ్యకూడదు, అవి మీవాళ్ల పనులు అన్నాడు. ఆ నెలలోనే ఆ స్వరూపం కొన్నాను. డ్యూటీ దిగాక లాకరు తలుపు తెరిచి రెండు నిమిషాలు నిలబడతాను. సిలువ మీంచి దించిన బిడ్డని ఒళ్లో పెట్టుకున్న మనిషి ఆవిడ. నా సంగతి ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేదు. దాన్ని మొక్కడం అంటారో ఏమంటారో నాకు తెలీదు. నేను ఏడవడానికి ఈ లోకంలో ఉన్న చోటు అదొక్కటే.

ఆదివారం సంఘం ముందు నిలబడి, తప్పు ఒప్పుకుంటూ సాక్ష్యం చెప్పి, ఆ విగ్రహాన్ని నా చేత్తో నేనే పగలగొట్టాలని తేల్చాడు. లేకపోతే పెద్దలు తనని పాస్టరుగా ఉండనివ్వరట. అది నిజమే, ఆయన భయమూ నిజమే. మర్నాడు పొద్దున్నే ఒక కాగితం తెచ్చాడు. నా సాక్ష్యం తనే రాశాడు. చూసి చదివితే బాగోదు, నోటికి రావాలన్నాడు. చదివే ప్రార్థనలు, వల్లించే ప్రార్థనలు ప్రార్థనలే కావని ఏడాదికి నాలుగు ప్రసంగాలు చేసే మనిషి, నేను కూరలు తరుగుతుంటే పక్కన స్టూలు వేసుకుని వారమంతా నా చేత అప్పజెప్పించుకున్నాడు. నాలుగో వాక్యం దగ్గరే నాకు నోరు పెగిలేది కాదు. మరియ ఒక కవరు మాత్రమే, యేసు అనే ఉత్తరం అందాక కవరుని ఎవరూ దాచుకోరు, అన్నది ఆ వాక్యం.

"మరి నేనేంటండీ? ఉత్తరం చేరకుండానే చిరిగిపోయిన కవర్నా?"

ఆయన కాగితం మీద వేలు పైకి జరిపాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు.

ఆదివారం, బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. దాని మీద నా లాకర్లోంచి తెచ్చిన మరియమాత, పక్కన మా ఇంట్లో మేకులు కొట్టే సుత్తి. మూడు వాక్యాలు తప్పు లేకుండా చెప్పాను. నాలుగోదాని దగ్గర ఆగిపోయాను. మర్చిపోయాననుకుని ఆయన పక్కనుంచి మెల్లగా అందించాడు, మరియ ఒక కవరు అని. మళ్లీ అందించాడు. ముందు వరసలో అత్తయ్య కొంగు గుప్పిట్లో నలుపుతున్నారు. బల్ల అంచు పట్టుకున్నాను. ఈ ఒక్క మాట అనేస్తే ఆయన ఉద్యోగం నిలుస్తుంది, ఇల్లు సర్దుకుంటుంది. నా బిడ్డ మాత్రం ఇంకోసారి పోతుంది. మా సంఘంలో సాక్ష్యం ఎవరు చెప్పినా, ప్రార్థన చెయ్యమని అడిగే ముగిస్తారు, వినేవాళ్లు ఆమేన్ అంటారు.

సుత్తిని పక్కకి జరిపి మరియమాతని చేతుల్లోకి తీసుకున్నాను.

"రెండేళ్ల కిందట నాకు కూతురు పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. దానికోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఇకముందూ చేస్తాను. మీరూ చెయ్యండి."

అలవాటు కొద్దీ సంఘమంతా ఆమేన్ అంది. బిడ్డ తండ్రి ఒక్కడే అనలేదు.