స్టావ్రులా పేరు పండుగ

చర్చి నుంచి బయటికి వచ్చేసరికే వాన పట్టుకుంది. పండుగనాడు అందరికీ ఇచ్చినట్టే ఫాదరు నా చేతికిచ్చిన, తులసిలాంటి రుద్రజడ రెమ్మను కోటు జేబులో పెట్టుకుని రేవు దాకా నడిచాను. గాలికి ఓడ రాదని టికెట్ల గది తలుపు మీద కాగితం అంటించి ఉంది. రాకపోతే మానె. నేను వెళ్లవలసిన చోటేమీ లేదు.

ఆ రోజు శిలువ పండుగ. మా ఆవిడ స్టావ్రులాకు ఆ శిలువ పేరే పెట్టారు కనుక అదే ఆమె పేరు పండుగ. పుట్టినరోజు మా వాళ్లలో ఎవరికీ గుర్తుండదు గానీ, పేరు పండుగ ఎవరూ మరిచిపోరు. ఏథెన్స్‌లో మా ఇంట్లో ఆ రోజు పొద్దున్నుంచీ ఫోను మోగుతూనే ఉండేది. పోయినవాళ్లకు పేరు పండుగ ఉండదు. మోగని ఫోను ముందు కూర్చోలేక, మేమిద్దరం ఎన్నడూ చూడని ఈ దీవికి సెలవుల పేరుతో వచ్చాను. వచ్చాక తెలిసింది, ఇక్కడ ఆమె పేరు ఎత్తే మనిషే లేడని. పొద్దుగూకేలోగా ఆ పేరు ఒక్కరి నోటైనా వినాలనిపించింది.

దుకాణంలో ఒక లుకూమి మిఠాయి పెట్టె కొనుక్కుని కాఫీ కొట్టులోకి వెళ్లాను. ముగ్గురు ముసలివాళ్లు పేకాడుతున్నారు. పెట్టె తెరిచి అందరికీ పంచాను.

"ఎవరిదయ్యా పండుగ?" అంది కొట్టు నడిపే మరూసో.

"మా ఆవిడది. స్టావ్రులా."

"స్టావ్రులా నూరేళ్లు చల్లగా ఉండాలి" అన్నారందరూ, పెదవుల మీద పంచదార పొడితో. ఎంత ఆప్యాయంగా అన్నారంటే, ఆమె లేదని చెప్పబుద్ధి కాలేదు.

"మరి ఆవిడేదీ?"

"వాన కదా, గదిలో ఉంది."

"తెలివైంది" అన్నాడు లెఫ్టెరిస్ అనే ముసలి జాలరి. "నా పెళ్లామైతే ఈ వానలోనూ వెతుక్కుంటూ వచ్చేది."

"నీ కోసం కాదులే. నువ్వెత్తుకొచ్చిన గొడుగు కోసం" అంది మరూసో.

వెళ్లబోతుంటే ఆవిడ ఒక గిన్నె నిండా ఉడికిన శనగలు పోసి, మూత పెట్టి, గుడ్డలో కట్టి ఇచ్చింది. "ఇవాళ ఉపవాసం, మాంసం వండకూడదు కనుక ఇంతే. చల్లారకముందే తినమను."

గిన్నె వేడి నా పొట్టకు తగులుతుండగా వీధి మలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. దీన్ని తినాల్సిన మనిషి లేదు. పారబోయడానికి చేతులు రావు. మట్టిలో ఉన్న మనిషికి నూరేళ్లు కోరించాను వాళ్లచేత. వెనక్కి తిరిగాను.

"ఏమయ్యా, ఉప్పు చాల్లేదందా?" అంది మరూసో.

"స్టావ్రులా మార్చిలో చనిపోయిందమ్మా."

పేకముక్కలు ఆగాయి. తిడతారనుకున్నాను. లెఫ్టెరిస్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. చెయ్యి చాచి పెట్టెలోంచి మరో ముక్క తీసుకున్నాడు. "ఇందాకటిది బతికున్న మనిషికని తిన్నాం, ఇది పోయినావిడకి. స్టావ్రులాను దేవుడు క్షమించుగాక" అని నోట్లో వేసుకున్నాడు. మిగతావాళ్లూ తలా ఒక ముక్క తీసుకుని ఆ మాటే అన్నారు. వాళ్లలో పళ్లు లేని థొదోరిస్ మాత్రం ఇంకోటి కూడా తీసుకున్నాడు.

"నీకు షుగరు కదరా" అన్నాడు లెఫ్టెరిస్.

"ఆత్మశాంతికి తినేది డాక్టరు లెక్కలోకి రాదు."

మరూసో గుడ్డ ముడి విప్పి, గిన్నె నా ముందే పెట్టి, చెంచా చేతికిచ్చింది. "తిను. ఆవిడకు శనగలంటే ఇష్టమేనా?"

"అస్సలు పడేవి కావు."

"అదృష్టవంతురాలు" అన్నాడు లెఫ్టెరిస్. "మరూసో వంట తప్పించుకుంది."

మరూసో గరిటె చూపించింది. నేను తలవంచుకుని తిన్నాను. వాళ్లు నా వైపు చూడకుండా మళ్లీ ముక్కలు పంచుకున్నారు. అలా చూడకపోవడం కూడా ఒక దయే.

గిన్నె ఖాళీ అయ్యాక లేచాను. నా పేరు వాళ్లకు నేను చెప్పనేలేదు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి లెఫ్టెరిస్ పిలిచాడు.

"స్టావ్రులా వాళ్లాయనా, రేపు కూడా ఓడ రాదు. ఆటకి ఒక చెయ్యి తక్కువైంది, వచ్చేయ్."

వస్తానన్నాను. గదికి వెళ్లే దారంతా వాన కురుస్తూనే ఉంది.