నురగే, కడుగు

కొత్త యంత్రం వచ్చిన వారానికే మా ఎండోస్కోపీ గదిలో దానికి ‘అనుమానాల అత్తగారు’ అని పేరు పడింది. పెట్టింది మా సీనియర్ నర్సు. ఆమెను అందరం పెద్దక్క అంటాం. రోగి అన్నవాహికలో కెమెరా దిగుతుంటే, ఎక్కడ క్యాన్సర్ అనుమానం తగిలినా అందులోని కృత్రిమ మేధ తెరమీద పచ్చ గడి గీస్తుంది. చాలాసార్లు అక్కడ ఉండేది ఉమ్మి నురగ.

“నురగే, కడుగు,” అనేది పెద్దక్క. నేను సిరంజితో నీళ్లు కొట్టేదాన్ని. నురగతోపాటు గడీ పోయేది.

నిజంగా ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వస్తే మాత్రం ఎవరమూ పైకి అనం. రోగి హడలిపోతాడని. పెద్దక్క రెండు వేళ్లు కత్తెరలా తెరిచి మూస్తుంది. నేను ముక్క తీసే ఫోర్సెప్స్ అందిస్తాను.

ఆమెకు ఏళ్ల తరబడి గుండెల్లో మంట. మాత్రలు చప్పరించడమే గానీ పరీక్షకు దొరికేది కాదు. ఆ ఉదయం మొదటి రోగి రాలేదు.

“ఇవాళ తప్పించుకోలేవు పెద్దక్కా,” అన్నారు డాక్టరుగారు.

“ఎలాగూ ఏమీ తినలేదు, కానివ్వండి. ఈ అత్తగారు నాకేం వంకలు పెడుతుందో చూస్తా. ఏమే, ఆ తెర కాస్త ఇటు తిప్పు!”

గొంతులో మందు కొట్టి, పళ్ల మధ్య రింగు పెట్టాను. కెమెరా దిగింది. పైనంతా శుభ్రంగా ఉంది. కింద, కడుపు మొదలయ్యే చోట, పచ్చ గడి వెలిగింది.

పెద్దక్క కళ్లు నవ్వాయి.

“నురగే, కడుగు,” అన్నారు డాక్టరుగారు, అచ్చం ఆమె గొంతుతో.

కడిగాను. నురగ పోయింది. గడి పోలేదు.

“మళ్లీ కడుగు.” ఈసారి ఆ గొంతు ఆయనదే.

కడిగాను. గడిలో గోరంత ఎర్రటి గరుకు మచ్చ. ఆయన కెమెరాను పక్కకు తిప్పి మళ్లీ తెచ్చారు. గడి సరిగ్గా అక్కడే వచ్చి కూర్చుంది. ఆయన అలవాటుగా సైగ కోసం పక్కకు చూశారు.

సైగ చేయాల్సిన మనిషి బల్లమీద ఉంది. ఇన్నేళ్లూ రోగుల తల పక్కన నిలబడి ఇదే తెర చూసిన మనిషి. ఇప్పుడు ఆమె కళ్లలో నవ్వు లేదు.

దుప్పటి కింది నుంచి చేయి బయటికి వచ్చింది. రెండు వేళ్లు తెరుచుకుని, మూసుకున్నాయి.

నేను కదల్లేదు.

వేళ్లు మళ్లీ ఆడాయి, విసురుగా, నేను ఆలస్యం చేసిన ప్రతిసారీ విసుక్కున్నట్టే.

ఫోర్సెప్స్ తీసి డాక్టరుగారికి ఇచ్చాను.