ఇంకాస్త కొరియావాళ్లలా

టీవీవాళ్లు గడప దాటేవరకూ తనది కొరియా ఇల్లేనని పాంగ్ తేగన్‌కు గట్టి నమ్మకం ఉండేది. సువాన్ నగరంలో పద్నాలుగో అంతస్తు. అరవై దాటిన కొరియా మొగుడు, అరవైకి దగ్గరపడిన కొరియా పెళ్లాం. ఇది వేరే దేశమేమోనని అనుమానపడే అవసరం ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. గడ్డం డైరెక్టరు హాలు మధ్యలో నిలబడి, తలుపు నుంచి బాల్కనీ దాకా చూపు తిప్పి, నిట్టూర్చాక గాని అసలు సంగతి బయటపడలేదు.

"ఇల్లు చాలా బాగుందంటున్నారు," అంది దుబాసీగా వచ్చిన యోమ్. "కాకపోతే ఇంకాస్త కొరియావాళ్లలా ఉండాలట."

"ఉన్నాం కదమ్మా," అన్నాడు తేగన్.

"అంటే, వాళ్ల ప్రేక్షకులు గుర్తుపట్టేలా."

యూరప్‌లో ఏదో దేశపు టీవీ కోసం వాళ్లు ఒక మామూలు కొరియా కుటుంబం గురించి తీస్తున్నారు. ఆ దేశం పేరు పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నారు, తేగన్ మరిచిపోతూనే ఉన్నాడు. కెమెరామన్‌ను డైరెక్టరనుకుని చాలాసేపు చెయ్యి పట్టుకుని ఊపాడు కూడా. ఇద్దరికీ అదే గడ్డం. ఆ తెల్లవాళ్లంతా ఒక్కలాగే ఉంటారు, ఆయన తప్పేముంది?

మామూలు కొరియా కుటుంబాన్ని తయారుచెయ్యడానికి పూటంతా పట్టింది. భోజనాల బల్ల, కుర్చీలు పడగ్గదిలోకి పోయాయి. రొట్టెలు కాల్చే మిషను బీరువాలో దాక్కుంది. కింది అంతస్తు కాంగ్ ఇంటినుంచి, నేలమీద కూర్చుని తినే పొట్టి బల్ల వచ్చింది. బల్లకు గీతలు పడకుండా చూసుకోవడానికి కాంగ్ కూడా వెంటే వచ్చి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుంది. ఆవిడకు తెలిసిన సంగతిని అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో మళ్లీ అంటించాల్సిన పని ఉండదు.

"జంగ్‌సుక్, మీ గొడుగుల జాడీ ఎక్కడే? దొరగారు అడుగుతున్నారు," అని ఆవిడే కేకేసింది.

జాడీలోంచి గొడుగులు బయటికొచ్చాయి. తేగన్ భార్య జంగ్‌సుక్ టీవీలో ప్రకటన చూసి తెప్పించుకున్న కిమ్చీ పచ్చడి ప్యాకెట్టు చింపి అందులో కుమ్మరించింది. ఇప్పుడు అమ్మమ్మల కాలపు జాడీలోంచి ఇల్లాలు దాన్ని మళ్లీ బయటికి తియ్యాలి.

"కిమ్చీ ఫ్రిజ్ ఉంది కదమ్మా నాకు?"

"ఫ్రిజ్‌లు వాళ్ల దేశంలోనూ ఉన్నాయటండీ," అంది యోమ్. "మీరు మెల్లగా తియ్యాలట. తరతరాల బాధ మొహంలో కనిపించాలట."

"లోపల గొడుగు వాసన కొడుతోంది. అదే కనిపిస్తుందిలే."

అద్దె పట్టుబట్టలు తేగన్‌కు తొడిగారు. మోకాళ్లకు ఆపరేషన్ చేసిన డాక్టరు నేలమీద కూర్చోవద్దన్నాడు. డైరెక్టరు కూర్చోమన్నాడు. డాక్టరు కొరియావాడు, అతనికేం తెలుసు?

అప్పుడు హేరిన్ వచ్చింది.

ఒక్కగానొక్క కూతురు తండ్రితో మాట్లాడి ఏడాది దాటింది. పేరున్న కంపెనీలో ఉద్యోగం మానేసి, రైల్వేస్టేషన్ వెనక వీధిలో కుక్కలకు స్నానం చేయించి జుట్టు కత్తిరించే దుకాణం పెట్టుకుంది. అప్పుడు తేగన్ అరవలేదు, తిట్టలేదు. బాయిలర్ల కంపెనీలో ముప్పై ఏళ్లు అమ్మకాలు చూసిన మనిషి, ఏ సరుకును ఎలా చెప్పాలో ఆయనకు తెలుసు. కొండ ఎక్కుదామని కలిసి, కొండ కింది హోటల్లోనే కూర్చుండిపోయే పాత సహోద్యోగులు అమ్మాయి సంగతి అడిగితే, కంపెనీవాళ్లు సింగపూర్ పంపారని చెప్పాడు. ఎవరికీ నష్టం లేని మాట అనుకున్నాడు. వాళ్లలో ఒకాయన పూడిల్ కుక్కను కొనుక్కుని, గోళ్లు తీయించడానికి సరిగ్గా ఆ దుకాణానికే వెళ్లి, "సింగపూర్ నుంచి ఎప్పుడొచ్చావమ్మా?" అని అడిగేదాకా నిజంగానే నష్టం లేదు.

ఆ సాయంత్రం హేరిన్ ఫోన్ చేసింది. "సింగపూర్‌లో నాకు జీతమెంత నాన్నా? ఎవరైనా అడిగితే తెలియాలి కదా." అదే చివరిమాట. ఆ తర్వాత ఆయన బయటికెళ్లే రోజు చూసుకుని తల్లి దగ్గరికి వచ్చిపోతోంది. కూతురు లేకపోతే షూటింగే జరగదని విదేశీయులు పట్టుబట్టారని జంగ్‌సుక్ ఆమెకు చెప్పింది. నిజానికి వాళ్లు అడిగింది ఒక ముసలి మామ్మను.

"ఏమ్మా, సింగపూర్‌లో సెలవు దొరికిందా?" అంది కాంగ్, స్టూలు మీంచి లేవకుండానే. "నల్లబడ్డావు. అక్కడ ఎండలెక్కువట కదా."

హేరిన్ తండ్రివైపు చూసింది. తండ్రి జాడీవైపు చూశాడు.

దృశ్యం చిన్నదే. రాత్రి భోజనం, అందుకే మధ్యాహ్నమే కర్టెన్లు లాగారు. కూతురు మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులతో తండ్రి గ్లాసులో సోజు మందు పొయ్యాలి. సీసా నిజమైనదే, లోపల నీళ్లు. "నాన్నగారూ, మీ కష్టం వల్లే మేం ఇంతవాళ్లమయ్యాం. మీరు చల్లగా ఉండాలి," అని తల వంచాలి. తండ్రి నవ్వకుండా, కూతురి మొహం చూడకుండా, "ఊఁ, బాగా కష్టపడు," అనాలి. కొరియా తండ్రులు ప్రేమను బయటపెట్టరని డైరెక్టరు ఎక్కడో చదివాడట.

"మీకిది కష్టం కాదు కదండీ?" అని యోమ్ అడిగింది.

"ఆయనకది పుట్టుకతో వచ్చిన విద్య," అంది జంగ్‌సుక్.

హేరిన్ పోసింది. తల వంచింది. "నాన్నగారూ," అంది.

ఆమె ఎన్నడూ ఆయన్ను గారూ అనలేదు. పుట్టినప్పట్నుంచీ నాన్నా, నువ్వు. ఇది అద్దె మాట, ఒంటిమీది బట్టల్లాగే. ఆ సంగతి తేగన్ బుర్రకు బాగా తెలుసు. కానీ బుర్రకు దిగువన ఎక్కడో, చదువూ సంస్కారమూ లేని ముక్క ఒకటి ఉంది. దానికి ఎవరూ స్క్రిప్టు చదివి వినిపించలేదు. ఆ పిలుపు చెవిన పడగానే అది తోకాడిస్తూ లేచింది. ఆయన కళ్లు నిండాయి.

"ఏడవకూడదట," అంది యోమ్. "కొరియా తండ్రులు ఏడవరట."

"మన సీరియళ్లలో అందరూ ఏడుస్తూనే ఉంటారు కదమ్మా," అంది కాంగ్.

"అది సీరియల్ కదండీ. ఇది నిజం కదా."

రెండోసారి ఆయనకు మాట నిజంగానే గుర్తురాలేదు. ఆ తర్వాతిసారి గుర్తొచ్చింది. నాలుక చివర నిలబడింది. దాన్ని కాసేపు అక్కడే ఉంచి, లోపలికి మింగేశాడు. "మళ్లీ," అన్నాడు డైరెక్టరు. హేరిన్ మళ్లీ సీసా ఎత్తింది. "నాన్నగారూ."

ముప్పై ఏళ్లలో ఎందరో కుర్రాళ్లు ఇలాగే రెండు చేతులతో ఆయనకు పోశారు. మీరు లేకపోతే మేం లేం సార్ అన్నారు. అది అభిమానమని ఆయన ఇంటికొచ్చి భార్యకు చెప్పేవాడు. రిటైరయ్యాక వాళ్లలో ఒక్కడూ ఫోన్ చెయ్యకపోతే, పాపం పని ఒత్తిడి అనుకున్నాడు. వంచిన కూతురి తల చూస్తుంటే ఇప్పుడు అర్థమవుతోంది, వాళ్ల వెనక కూడా కనిపించని గడ్డం డైరెక్టరు ఒకడు ఉండేవాడని. అర్థమై ఏం లాభం? ఇంకొక్కసారి కావాలనిపించింది. మందు సంగతి తెలిసినవాడికి ఇది కొత్తేం కాదు, సీసాలో ఉన్నది నీళ్లే అయినా.

అలా తప్పుల మీద తప్పులు చెబుతూ ఆయన కూతురి చేతుల్ని చూశాడు. స్క్రిప్టు పుణ్యమా అని అవి మొహం దగ్గరికే వస్తున్నాయి. సబ్బునీళ్లకు నాని పగిలిన వేళ్లు. బొటనవేలి కింద పచ్చిగా గాటు.

"ఊఁ..." అని మళ్లీ పైకప్పువైపు చూశాడు.

"కావాలనే కదా," అంది హేరిన్. తల ఎత్తలేదు. గుమ్మందాకా వినిపించని గొంతు.

"ఏమిటి?"

"మర్చిపోవడం. సింగపూర్ కథ ఒక్క ముక్క తప్పకుండా ఊరంతా చెప్పావు. ఈ రెండు మాటలు గుర్తుండవా?"

తేగన్ నోటిదాకా వచ్చింది క్షమాపణే. అయితే ఆ మాటను వాడిన అలవాటు లేక, ఎటు పట్టుకోవాలో తెలియలేదు.

"ఆ చేతికేమైంది?" అన్నాడు.

"పొమెరేనియన్ కరిచింది."

"గట్టిగానా?"

"నీ అంత కాదు."

ఏం మాట్లాడుకుంటున్నారని డైరెక్టరు అడిగాడు. కూతురు తండ్రి ఆరోగ్యం గురించి అడుగుతోందని యోమ్ చెప్పింది. డైరెక్టరు మెచ్చుకోలుగా తలాడించాడు.

తర్వాతిసారి తేగన్ నవ్వకుండా, కూతురి మొహం చూడకుండా, "ఊఁ, బాగా కష్టపడు," అన్నాడు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. హేరిన్ లేచి, మోకాళ్లు రుద్దుకుంటూ, తన కోటు వెతుక్కోవడానికి వెళ్లింది. ఆయన ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఇంటి పెద్దను అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిందట. కెమెరా ఆయనవైపు తిరిగింది.

"మీ అమ్మాయి ఏం చేస్తుందని," అంది యోమ్. "పెద్ద కంపెనీలో పని అంటే సరిపోతుందట. ఇక్కడ అందరూ పెద్ద కంపెనీల్లోనే పొద్దస్తమానం చాకిరీ చేస్తారని వాళ్లవాళ్లకు తెలుసట."

"సింగపూర్ అని కూడా చెప్పండి అన్నయ్యగారూ," అంది కాంగ్. "వినడానికి గొప్పగా ఉంటుంది."

గుమ్మం దగ్గర హేరిన్ ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని ఆగింది. తేగన్‌కు నవ్వు రాబోయింది. ఇన్నాళ్లూ ఒంటరిగా మోసిన అబద్ధం. ఇప్పుడు ఖండాలు దాటి మనుషులొచ్చి, కాస్త మేమూ పట్టుకుంటామంటున్నారు. నోరు విప్పి ఒక్కమాట అంటే చాలు.

"కుక్కలు," అన్నాడు. "మా అమ్మాయికి కుక్కల దుకాణం ఉంది. స్టేషన్ వెనకాల. సింగపూర్ లేదు, ఏమీ లేదు. అది నేను కల్పించింది."

కాంగ్ నోరు తెరుచుకుంది. యోమ్ మొదటి ముక్క మాత్రం చెప్పింది. డైరెక్టరు మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. పొద్దున్నుంచీ వెతుకుతున్న కొరియా ఇప్పటికి దొరికినట్టు, కెమెరామన్‌ను దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా ఏదో అడిగాడు. యోమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటాడు?"

"వద్దులెండి."

"చెప్పమ్మా."

"కుక్క మాంసం అమ్ముతారా, లేకపోతే... వండి పెడతారా అని."

తేగన్ లేచాడు. ఆ మోకాళ్లతో అంత వేగంగా ఎలా లేచాడో తర్వాత జంగ్‌సుక్‌కు కూడా అర్థం కాలేదు.

"వండటమేమిటయ్యా! తొట్టిలో నీళ్లు పట్టి, ముందు తన మణికట్టు మీద పోసుకుని చూసుకుంటుంది, వాటికి కాలుతుందేమోనని! ముసలి కుక్కయితే కాళ్లు జారకుండా తువ్వాలు పరుస్తుంది! భయపడే వాటిని ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీస్తుంది, ఏదో పాట కూడా పాడుతుంది, పెదాలు కదులుతుంటాయి! ఆ బక్క బూడిదరంగు కుక్క ఉందే, దాన్నయితే అందరూ వెళ్లాక మళ్లీ ఒకసారి దువ్వుతుంది! చెప్పమ్మా ఆయనకు! ఒక్కటీ వదలకుండా చెప్పు!"

యోమ్ మొదలుపెట్టబోయి ఆగిపోయింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?" అంది హేరిన్.

తేగన్ పట్టు చొక్కా చేతులు సర్దుకున్నాడు. "ఎదురుగా బస్‌స్టాపు ఉంది కదా."

"ఏ బస్సూ ఎక్కకుండా, మాస్కు పెట్టుకుని కూర్చునే ముసలాయన... నువ్వా?" చేతిలోని బూటు కిందికి జారింది. "నేను పోలీసులకు చెబుదామనుకున్నాను!"

ఆయన తల వంచుకున్నాడు. అలా వంచమని ఎవరూ చెప్పలేదు.

"లోపలికి రావచ్చు కదా నాన్నా."

"ఎలా వస్తాను?" అన్నాడు తేగన్. "నా దగ్గర కుక్క లేదు కదా."