కడుపులో సాక్షి

వెళ్ళైయమ్మాళ్ పొద్దున్నే వాకిలి చల్లి, ముగ్గేసి, కోడలు మారీశ్వరికి రాగి అంబలి కలిపిచ్చేది. కోడలు రెండు గుక్కలు తాగగానే కడుపులోని బిడ్డ, "చప్పగుండాది అవ్వా, కడలై మిఠాయి లేదా?" అనేది. ఐదో నెల నుంచీ అది మాట్లాడుతూనే ఉంది. వీధిలో వాళ్ళు పోతూ పోతూ దాన్నీ పలకరించేవాళ్ళు. ఆ మిఠాయికి పేరుమోసిన కోవిల్‌పట్టిలో ఉంటూ, బిడ్డ నోరు తెరిచి అడిగితే వేరుశనగ మిఠాయి పెట్టకుండా ఎలా? అవ్వ కొంగుముడి విప్పి ఒక ముక్క కోడలి నోట్లో పెట్టేది.

ఆ రోజు ఆసుపత్రిలో గర్భిణులకు షుగర్ పరీక్ష. గ్లూకోజు నీళ్ళు తాగి, రెండు గంటలు కూర్చుని, రక్తమివ్వాలి. వెళ్ళైయమ్మాళ్‌కి ఒకటే దడ. కోడలి మొదటి కాన్పులో బిడ్డ బాగా బరువుగా పుట్టి, ఏడవకుండానే పోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఈసారి చెబుతారేమోనని ఆమె భయం.

"తీపి ఎక్కువ తింటావా?" అని నర్సు పెరియనాయగి తమిళంలో అడిగింది.

"అయ్యో, ముట్టనే ముట్టదు," అంది అత్త తమిళంలోనే.

"అబద్ధం!" అంది బిడ్డ తెలుగులో. "నిన్న అవ్వ నాలుగు ముక్కలు పెట్టింది."

నర్సు కడుపు వైపు చూసింది. "ఏమంటోంది?"

"మీకు దండం పెడుతోంది."

"పెట్టలేదు!"

"ఆకలేస్తోందంట. మేము పోయొస్తాం," అంటూ కోడలి చెయ్యి పట్టుకుని లేపింది.

"కూసో పెద్దమ్మా," అంది పెరియనాయగి నవ్వాపుకుంటూ. "మాదీ తెలుగిల్లే."

గ్లూకోజు నీళ్ళకు బిడ్డ ఒక్కటే మురిసిపోయింది. షుగర్ ఎక్కువే ఉందని తేలింది.

వెళ్ళైయమ్మాళ్ గొంతు తగ్గించింది. "అప్పుడు పోయిన బిడ్డ కూడా దీని వల్లేనా?"

"అప్పుడు పరీక్ష చెయ్యలేదే, నేనెట్లా చెప్పేది? ఇప్పుడు తెలిసింది కదా. మిఠాయి ఆపు, దినమూ నడిపించు. తగ్గకపోతే మందుండాది."

అప్పట్నుంచి సాయంత్రమైతే అత్తాకోడళ్ళకు స్టేషన్ దాకా నడక.

"మళ్ళీ కాకరకాయేనా?" అని బిడ్డ మూలిగేది.

"నోరు మూసుకుని తిను," అనేది అవ్వ. షుగర్ దారికొచ్చింది.

మారీశ్వరి కాన్పుకు విరుదునగర్‌లోని పుట్టింటికి వెళ్ళింది. నొప్పులొచ్చిన రోజు వెళ్ళైయమ్మాళ్ అక్కడికి పోయి కాన్పుగది బయట నిలబడింది. లోపల్నుంచి గుక్కపట్టి ఏడుపు వినబడింది. మాటల్లేవు, వట్టి ఏడుపు. ఆమె తలుపుకు చెవి ఆనించింది.

ఆడపిల్లని చెప్పి, గుడ్డలో చుట్టి తెచ్చిన ఆయమ్మ పాపను ఊరుకోబెట్టబోయింది.

"ఆపొద్దు తల్లీ," అంది వెళ్ళైయమ్మాళ్ చేతులు చాచి. "ఇంకాసేపు ఏడవనీ."