రాధిక పేరు మీద

వేసవి సెలవులు పిల్లలకే గానీ మా ప్రైవేటు కాలేజీ లెక్చరర్లకు ఉండవు. పరీక్షలు అయిపోగానే మమ్మల్ని ఊళ్ల మీదికి తోలుతారు. ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగి, టెన్త్ పాసైన పిల్లల్ని మా కాలేజీలో చేర్పించాలి. సరిపడా చేర్పించినవాళ్లకు జూన్‌లో ఉద్యోగం ఉంటుంది, మిగిలినవాళ్లకు ఉండదు. ఇన్నేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. నా పాఠం ఎలా ఉంటుందని మా కరస్పాండెంట్ రాజశేఖర్ ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు. "రూపా మేడం, అడ్మిషన్లు ఎంతవరకు వచ్చినాయి?" అని మాత్రం రోజూ అడుగుతాడు.

ఈసారి నాకు ఒక్క అడ్మిషన్ తక్కువైంది. మా నాన్న మగ్గం మూలబడ్డాక ఇంట్లో జీతమంటూ వచ్చేది నాదొక్కటే, అందుకని నిద్ర పట్టేది కాదు. ఇంగ్లిష్ చెప్పే రాధికకూ ఒకటే తక్కువ. స్టాఫ్‌రూంలో మా కుర్చీలు పక్కపక్కనే. నేను తెచ్చుకున్న ఉగ్గాని నాకంటే ఆమే ఎక్కువ తినేది. పాపం బండి లేదు కదా అని నా స్కూటీ మీద ఎక్కించుకుని ఊరూరా తిప్పాను. నా అంత తెలివైనదాన్ని ఎవరూ చూసి ఉండరు.

నందవరం దాటి లోపల ఒక పల్లెలో ఉంటాడు లక్ష్మన్న. ఏటా పత్తి పనులు అయిపోగానే ఆలుమగలిద్దరూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి వలసపోతారు. కూతురు జ్యోతిని అవ్వ దగ్గర ఉంచి టెన్త్ దాకా చదివించారు. మంచి మార్కులే వచ్చాయి. ఇంకా చదివించాలని లక్ష్మన్నకు ఉంది గానీ భయం. పోయిన ఏడు వాళ్ల వీధి పిల్ల ఏదో కాలేజీలో చేరి, పట్టించుకునే దిక్కులేక తిరిగొచ్చి సుగ్గికి పోయింది.

"కాలేజీ సంగతి నాకేం తెల్సమ్మా," అన్నాడు లక్ష్మన్న. "నీ మొగం జూసి పంపుతాండాను. నువ్వు ఆడ ఉంటావు గదా?"

"నేను యాడికీ పోనప్పా. నా బిడ్డ మాదిరి సూసుకుంటా."

సోమవారం వచ్చి చేర్పిస్తానన్నాడు. ఆయన భార్య హులిగమ్మ మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. రాధిక రెండు గ్లాసులు తాగింది.

సోమవారం పొద్దున్నే కరస్పాండెంట్ నన్ను ఆదోనికి పోయి ప్రెస్సులో పాంప్లెట్లు తెమ్మన్నాడు. లక్ష్మన్న వస్తాడు సార్, తర్వాత పోతానన్నాను. "నేనుంటాలే రూపా, నీ పేరే రాయిస్తా," అంది రాధిక. ఆదోనిలో చూస్తే పాంప్లెట్లు ఇంకా అచ్చే కాలేదు. సాయంత్రం దాకా ఆ ఉక్కలో కూర్చుని, కట్టలు మోసుకుంటూ ఎమ్మిగనూరు బస్సెక్కాను.

నేను వచ్చేసరికి జ్యోతి కాలేజీలో చేరిపోయింది. రాధిక పేరు మీద చేరింది.

"తండ్రే సెప్పినాడు మేడం, రాధిక మేడం పేరు రాయమని. నేనేం జేసేది?" అన్నాడు కరస్పాండెంట్. అడ్మిషన్ల లెక్క ఈ రోజుతో సరి, జూన్ నుంచి రావొద్దని టీ తాగుతూనే చెప్పాడు.

స్టాఫ్‌రూంలో రాధిక హ్యాండ్‌బ్యాగు సర్దుకుంటోంది. ఎందుకిట్లా చేశావని అడిగాను.

"నాకు మాత్రం ఇల్లు గడవద్దా? నువ్వు తెలివైనదానివి రూపా, ఇంకోచోట దొరుకుతుంది," అంది.

చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రెండు రోజులకు లక్ష్మన్న ఫోన్ చేశాడు.

"కాలేజీ ఇడిసి పోతాండే సంగతి మాకెందుకు సెప్పలేదమ్మా? యాడికీ పోనంటివే. రాధికమ్మ నిజం సెప్పింది కాబట్టి సరిపోయింది. రూపమ్మ కర్నూలుకు పోతాంది, బిడ్డను నేను సూసుకుంటానని దైర్నం సెప్పింది."

అప్పుడర్థమైంది. నేను పోతున్నానని చెప్పి ఆ మాటతోనే నన్ను పంపించేసింది. పొద్దున ఆడిన అబద్ధం సాయంత్రానికల్లా నిజమై కూర్చుంది. ఒళ్లు మండిపోయింది. అంతా మోసమప్పా, నన్ను తీసేసినారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట వింటే లక్ష్మన్న మర్నాడే వచ్చి జ్యోతిని వెంటబెట్టుకుపోతాడు. ఇంకో కాలేజీ వెతకడు. ఈసారి ముగ్గురూ కలిసి సుగ్గికి పోతారు.

"అమ్మా, ఇంటాండావా?"

"ఇంటాండానప్పా."

"ఒక్కటి సెప్పు. నువ్వైతే పోతాండావు. ఆ రాధికమ్మ మంచిదేనా? నమ్మొచ్చునా?"

ఇన్నేళ్లు పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని. ఆమె సంగతి నాకు తెలియక ఇంకెవరికి తెలుసు?

"మంచిదప్పా," అన్నాను. "నమ్మి పంపించు."